ఎవరిస్తో గారితో టూసాన్ దాకా

అమెరికా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ నయాగరా ఎలా ఉందని అడుగుతున్నారు. నేను నయాగరా చూడలేదు. ఆకాశాన్నంటే మేడలూ చూడలేదు. నేను చూసింది కాలిఫోర్నియాలో కొంత, అరిజోనాలో కొంత, అదీ బస్సు కిటికీలోంచి, ఒక మెక్సికో దేశపు పెద్దాయన పక్కన కూర్చుని. అడిగినవాళ్ళకి బాగుందని చెప్పి ఊరుకుంటున్నాను గానీ, నిజానికి ఏమీ బాగాలేదు. ఎందుకు బాగాలేదో ఒకసారి రాసి పడేస్తే మళ్ళీ మళ్ళీ అబద్ధం చెప్పే బాధ తప్పుతుంది.

శాంటా క్లారా

మా అక్క కొడుకు ప్రసాద్ శాంటా క్లారాలో కంప్యూటర్ల కంపెనీలో ఇంజనీరు. సెలవు పెట్టి వాడింటికి వెళ్ళాను. పగలంతా ఆ ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. వీధిలో మనిషి కనిపిస్తే గొప్ప. మా తెనాలిలో గుమ్మంలో నిలబడితే పదిమంది పలకరిస్తారు. ఇక్కడ పొరుగాయన చెయ్యి ఊపి గరాజు తలుపు దించేసుకుంటాడు. ఆరేళ్ళ మనవడు నాతో తెలుగు మాట్లాడబోయి, సగంలో వాళ్ళమ్మ మొహం చూసేవాడు.

నేను చూడాలనుకున్న మనిషి ఆ దేశంలో ఒక్కరే. ఆయన పేరు ఎవరిస్తో. మెక్సికో రాయబార కార్యాలయంలో ఉద్యోగిగా ఢిల్లీలో ఉన్న రోజుల్లో, సెలవు దొరికినప్పుడల్లా తెనాలి వచ్చి మా నాన్నగారి దగ్గర తెలుగు వ్యాకరణం చెప్పించుకున్నారు. ఆయన మొదటిసారి రిక్షా దిగి పేరు చెప్పుకుంటే మా పక్కింటి మామ్మ "ఎవరిస్తారో, ఏమిస్తారో, ముందు మంచినీళ్ళియ్యండి" అంది. నాన్నగారు నన్ను అమ్మాయీ అని పిలుస్తుంటే అదే నా పేరనుకుని, ఢిల్లీ వెళ్ళాక "మిస్ అమ్మాయి గారికి" అని ఉత్తరం రాశారు. మాట్లాడే తెలుగు కూడా పుస్తకంలోదే. "నేను భోజనము చేసితిని" అనేవారు. మా అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేది. నాన్నగారు మాత్రం, ఈయన పాటి సంధి తెలిసిన శిష్యుడు నాకు మన జిల్లాలో దొరకలేదు అనేవారు. నేను తెలుగు లెక్చరర్నయ్యాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆయన తర్వాత ఏవేవో దేశాలు తిరిగి, డెబ్భైల చివర్లో అరిజోనాలోని టూసాన్‌లో వాళ్ళ దేశపు కాన్సల్‌గా చేసి, ఉన్నట్టుండి ఉద్యోగం వదిలేశారు. ఇప్పుడు ఫ్రెస్నో అనే ఊళ్ళో సాయంకాలపు బడిలో పాఠాలు చెప్పుకుంటున్నారు. శాంటా క్లారా చేరాక ఫోన్ చేస్తే, దసరాకి వచ్చి పులిహోర తింటానన్నారు.

అంతలో మెక్సికో నగరంలో భూకంపం వచ్చింది. టీవీలో మేడలు ఒకదానిమీద ఒకటి అట్లు పేర్చినట్టు పడి ఉన్నాయి. ఆయన ఏకైక కూతురు ఇనెస్ ఆ ఊళ్ళోనే స్కూలు టీచరు. ఫోన్ చేశాను. మెక్సికోకి లైన్లు లేవనీ, టూసాన్ మీదుగా సరిహద్దు దాటి బస్సులో వెళ్ళిపోతాననీ చెప్పారు. గుండె ఆపరేషనయి ఎంతో కాలం కాలేదు. విమానం ఎక్కవద్దన్నారట డాక్టర్లు. ఒక్కరే ఎలా వెళతారు? టూసాన్ దాకా నేనొస్తానన్నాను.

ప్రసాద్ గోల పెట్టాడు. "పిన్నీ, ఇక్కడ బస్సులో ఎవరూ ట్రావెల్ చేయరు. సేఫ్ కాదు. ఆయనకేమన్నా అయితే నువ్వేం చేస్తావ్? హాస్పిటల్ బిల్ ఎవరు హ్యాండిల్ చేస్తారు?"

వాడన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అయినా నాకు కోపం వచ్చింది. మన ఇంట్లో అన్నం తిన్న మనిషి, కూతురు బతికుందో లేదో తెలియక కూర్చుంటే బిల్లుల సంగతా అన్నాను. వాడు కాసేపు మొహం ముడుచుకుని, తర్వాత తనే నాలుగు ఫోన్లు చేసి టూసాన్‌లో చలపతి అనే తెలుగాయన్ని పట్టుకున్నాడు. రాగి గనుల కంపెనీలో ఇంజనీరు. ఇంట్లో హామ్ రేడియో పెట్టుకుని దేశదేశాలవాళ్ళతో మాట్లాడుతుంటాడట. ఫోన్లు పోయిన ఊరికి ఇప్పుడు ఆ రేడియోలే దిక్కు. ఇనెస్ పేరు, వీధి, ఇంటి నంబరు ఆయనకి చెప్పించాం. ప్రయత్నిస్తానన్నాడు.

ఫ్రెస్నో

ప్రసాద్ తెల్లవారగానే కారులో దింపాడు. బట్టలుతికే దుకాణం వెనక ఒక గది. అందులో మంచం తప్ప మిగతాదంతా పుస్తకాలే. ఎవరిస్తో గారు నల్ల కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, మంచం చివర కూర్చుని ఉన్నారు. చిక్కి సగమయ్యారు. నన్ను చూసి లేచి రెండు చేతులూ జోడించి, "అమ్మాయీ, వచ్చితివా" అన్నారు. అదివరకైతే నవ్వేదాన్ని.

బస్సులో ఆయన చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైన ఆయన జీవితం ఇది. పుట్టింది ఒక కొండ ఊళ్ళో. తల్లికి స్పానిష్ రాదు. ఆ కొండల భాష ఒకటే వచ్చు. బడిలో ఆ భాష మాట్లాడితే అరచేతుల మీద కొట్టేవారు. కొట్టినకొద్దీ ఆ భాష మీద పట్టుదల పెరిగి, చదువుకుని వ్యాకరణవేత్త అయ్యారు. పండితులకి తిండి పుట్టదు కాబట్టి విదేశాంగ శాఖలో చేరారు. ఏ దేశం పంపితే ఆ దేశపు భాష నేర్చుకుంటూ, తల్లి భాషకి వ్యాకరణం రాస్తూ ముప్ఫై ఏళ్ళు గడిపారు. రాయడం పూర్తయ్యేసరికి అచ్చు వేసేవాడు దొరకలేదు. ఊళ్ళో ముసలివాళ్ళు పోయారు, కుర్రాళ్ళు కూలికోసం అమెరికా దారి పట్టారు. భార్యా పోయింది. ఆ భాషలో తనతో మాట్లాడేది ఇక ఇనెస్ ఒక్కతే. ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటారట, వారానికంతా కలిపి.

"ఆమె లేనిచో ఆ వ్యాకరణము ఎవరికి?" అన్నారు.

అంతా మంచే జరుగుతుందని మనవాళ్ళు అలవాటుగా అనే మాట నా నోట్లోంచి కూడా వచ్చింది. ఆయన మర్యాదగా తల ఊపారు.

బస్సులో మేము తప్ప ముసలివాళ్ళు లేరు. పొలాల కూలీలు, కిట్ బ్యాగుతో ఒక సైనికుడు, పిల్లని నిద్రపుచ్చుతున్న నల్లజాతి తల్లి. ప్రసాద్ భయపడ్డట్టు ఎవరూ మమ్మల్నేమీ చేయలేదు. చేసిందల్లా నా గోంగూర పచ్చడే. సీసా మూత వదులై నూనె కారి సీటంతా ఎర్రగా అయింది. డ్రైవరు చూసి రక్తమనుకుని బస్సు పక్కకి ఆపాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ ఇంగ్లీషులో పచ్చడి అనడానికి మాట వెతుక్కుంటుంటే, ఎవరిస్తో గారు వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకుని చూపించారు. ఆ తల్లి పకపకా నవ్వింది. నవ్వులో ఆయన కలవలేదు.

లాస్ ఏంజెలిస్

ఆ ఊరు ఎంత పెద్దదో చెప్పలేను, ఎందుకంటే మేము చూసింది ఒక వీధే. దుకాణాల బోర్డులన్నీ స్పానిష్‌లో ఉన్నాయి. ఆయనకి తెలిసిన దర్జీ దంపతుల ఇంట్లో దిగాం. మేము లోపలికి రాగానే ఆ ఇల్లాలు టీవీ కట్టేసి దాని మీద బట్ట కప్పింది. చిక్కుడు గింజల కూర, జొన్నరొట్టె లాంటి మొక్కజొన్న రొట్టెలు, నంజుకోవడానికి పచ్చిమిరపకాయలు పెట్టింది. మిరపకాయ కొరుక్కుని అన్నం తినే మనుషులు భూమికి అవతలి వైపు కూడా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. మిరపకాయ మీకు మా దేశం నుంచే వచ్చిందని ఎవరిస్తో గారు చెబితే నేను ఒప్పుకోలేదు. గుంటూరు పక్కన పుట్టినదాన్ని ఎలా ఒప్పుకుంటాను?

మన ఊళ్ళో అయితే ఇలాంటి సమయంలో ఇల్లంతా జనం నిండిపోయి, ముందే శోకాలు మొదలుపెట్టేవాళ్ళు. వీళ్ళు భూకంపం మాటే ఎత్తలేదు. దర్జీ, ఎవరిస్తో గారి కోటు విప్పించి, చేతులు పొడుగయ్యాయంటూ కూర్చుని సరిచేశాడు. చిక్కిపోయారని అనకుండా కోటు పెద్దదైందని అన్నాడు. అది ప్రేమే అని నాకు తెలుసు. అయినా మాట్లాడకుండా ఇంత దుఃఖాన్ని ఎలా మోస్తారో అనిపించింది.

బ్లైత్

లాస్ ఏంజెలిస్ దాటితే ఎడారి. మన వైపు ఎండిన పొలంలో కూడా ఒక గట్టు, ఒక మేక ఉంటాయి. ఇక్కడ ఏమీ లేదు. గంటల తరబడి ఏమీ లేదు. పొద్దుపోక ఆయన దగ్గర స్పానిష్ క్రియలు నేర్చుకున్నాను. వివె అంటే నివసిస్తోంది, బతికి ఉంది, రెండూను. ఆయి అంటే అక్కడ. పాఠం చెబుతున్నంతసేపూ ఆయన గొంతు గట్టిపడేది. ఆపితే మళ్ళీ కిటికీ వైపు తిరిగేవారు.

బ్లైత్ అనే ఊళ్ళో భోజనానికి బస్సు ఆపారు. కాఫీ ధర పన్నెండుతో హెచ్చవేసి రూపాయల్లో చూసుకుని మానేశాను. చలపతికి ఫోన్ చేద్దామనుకున్నాం. ఎవరిస్తో గారి కాళ్ళు వాచిపోయి బూట్లు పట్టడంలేదు. చిల్లర నా చేతిలో పోసి, ఆయన బస్సులోనే ఉండిపోయారు.

చలపతికి ఆ ఉదయమే మెక్సికో నగరంలో ఒక మనిషి దొరికాడట. రేడియో పట్టుకుని వీధులు తిరిగి జనం సంగతులు చెబుతున్నవాడు. ఇనెస్ చిరునామాకి వెళ్ళి వచ్చి జవాబు చెబుతుండగా సిగ్నల్ పోయింది.

"ఏమన్నాడండీ?" అన్నాను.

"నాకు స్పానిష్ అంతంత మాత్రమేనమ్మా. గరగరల విన్న. 'వివియాయి' అన్నడు. రెండుసార్లన్నడు."

ఇరవై ఏళ్ళుగా పిల్లలకి సంధులు విడదీయించిన బుర్ర నాది. మా అమ్మ అన్నప్పుడు మాయమ్మ అయినట్టు, రెండు అచ్చుల మధ్య మన నోరు తనంతట తనే ఒక యకారం దూరుస్తుంది. దాన్ని యడాగమం అంటాం. అడగనిదే వచ్చే చుట్టం. చలపతి తెలుగు చెవిలో అదే దూరింది. య తీసేస్తే మిగిలేది వివె, ఆయి. గరగరలో ఎకారానికీ ఇకారానికీ తేడా ఏముంది?

పరుగెత్తుకొచ్చాను. యాభై ఏళ్ళ మనిషిని, చీర ఎత్తిపట్టుకుని, ఆ ఎండలో. "వివె ఆయి" అన్నాను.

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. బూట్లు లేకుండానే బస్సు దిగి, కాలుతున్న నేల మీద మేజోళ్ళతో నడిచి వెళ్ళి నాకొకటి, తనకొకటి, డ్రైవరుకొకటి ఐస్‌క్రీం కొన్నారు. డ్రైవరు ఎందుకని అడిగితే మా అమ్మాయి బతికుంది అని చెప్పారు. అతను కరచాలనం చేశాడు.

ఫీనిక్స్

ఈ ఊరి గురించి రాయడానికి నాకు చెయ్యి రావడంలేదు. ఎందుకంటే ఇక్కడ ఆయన సంతోషంగా ఉన్నారు.

చవక హోటల్లో రెండు గదులు తీసుకున్నాం. ఆయన స్నానం చేసి, గడ్డం గీసుకుని వచ్చి, దసరాకి తింటానన్న పులిహోర ఎక్కడ అని అడిగారు. బజారుకి వెళ్ళి ఇనెస్‌కి నీలం రంగు శాలువా ఎంచమన్నారు. ఆమె చిన్నప్పుడు ఢిల్లీలో కుళాయి కింద స్నానం చేస్తూ హిందీ తిట్లు నేర్చుకున్న సంగతి, మా నాన్నగారు పంపిన లక్కపిడతలతో మెక్సికోలో కూడా ఆడిన సంగతి చెప్పారు. ఇక ఫ్రెస్నోకి తిరిగి రాననీ, కూతురి దగ్గరే ఉండిపోయి, ఆమె బడిలో పిల్లలకి కొండల భాష చెప్పుకుంటాననీ అన్నారు. నేను కూడా నమ్మాను. నా సంధి మీద నాకంత నమ్మకం. నాన్నగారుంటే మెచ్చుకునేవారని కూడా అనుకున్నాను.

టూసాన్

చలపతి బస్టాండుకి వచ్చాడు. సన్నగా, కళ్ళద్దాలతో, మాట్లాడితే తెలంగాణా యాస. ఊరు బయట ఇల్లు. పెరట్లో మనిషెత్తు ముళ్ళ మొక్కలు, వాటి మధ్య రేడియో స్తంభం. ఆయన భార్య పప్పుచారు, వంకాయ కూర చేసింది. బయల్దేరాక మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను. ఎవరిస్తో గారు విస్తరి కావాలని అడిగి, లేదంటే నవ్వి, కంచంలోనే చేత్తో కలుపుకుని తిన్నారు.

భోజనమయ్యాక గరాజులో ఉన్న రేడియో చూపించాడు చలపతి. ఇంకా పొద్దు కుంకలేదు, ఆ మనిషి సిగ్నల్ ఇప్పుడు దొరకదన్నాడు. ఎవరిస్తో గారు కుర్చీలో కూర్చుని, ఆ మనిషి గొంతు ఎలా ఉంది, ఏ వైపువాడిలా మాట్లాడాడు అని అడిగారు. పండితుడు కదా, యాస గురించి ఆరా. ఎలా అన్నాడో అలాగే అని వినిపించమన్నారు.

"ముందుగాల 'సెన్యోర్' అన్నడు సార్. ఇగ కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత 'వివీయాయి, వివీయాయి' అన్నడు."

ఎవరిస్తో గారి మొహంలో ఏదో ఆగిపోయింది. ఇంకోసారి అనమన్నారు. చలపతి అన్నాడు. వీకి దీర్ఘం ఇచ్చి, అక్కడ ఊనిక పెట్టి, విన్నది విన్నట్టే.

నేను కల్పించుకుని, అది యడాగమమండీ, మా చెవికి అలా పడుతుంది అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. మా నాన్నగారి ముందు కూర్చుని పాఠం ఒప్పజెప్పినట్టు, నెమ్మదిగా, తెలుగులో చెప్పారు. "ఆగమము కాదు అమ్మాయీ. ప్రత్యయము. వివె అనగా ఉంది. వివీయా అనగా ఉండేది."

చలపతికి అర్థం కాలేదు. నాకైంది. ఇల్లు మారిందేమో, అందుకని ఉండేది అన్నాడేమో అని ఏదో అన్నాను. ఆయన కాదని తల ఊపారు. అప్పుడు ఇంగ్లీషులో, ఇన్నాళ్ళూ చెప్పనిది చెప్పారు.

ఈ ఊళ్ళో కాన్సల్‌గా ఉన్నప్పుడు ఆయన పనల్లా ఎడారి దాటుతూ దాహంతో పడిపోయినవాళ్ళ గురించి ఇళ్ళకి కబురు చెప్పడం. పల్లెలో ఒక్క దుకాణానికే ఫోను. ఎవరో పరుగెత్తివెళ్ళి తల్లిని పిలుచుకొచ్చేవారు. చనిపోయాడు అన్నమాట ఆయన ఒక్కసారి కూడా వాడలేదు. మీ అబ్బాయి ఇక్కడికి వస్తుండేవాడు, మీ గురించి చెబుతుండేవాడు అనేవారు. తల్లులకి ఆ క్రియ చాలు. కొందరు ధన్యవాదాలు చెప్పి, తామే ఫోన్ పెట్టేసేవారు. కొత్తగా వచ్చిన ఉద్యోగులకి కూడా ఆయన నేర్పింది అదే. ఒకరోజు ఫోను ఎత్తబోతే చెయ్యి లేవలేదట. ఉద్యోగం వదిలేశారు.

"పద్ధతి తెలిసిన మనిషి" అన్నారు, రేడియో వైపు చూస్తూ. "నన్ను కొట్టకుండా చెప్పాడు. నేనే వినలేదు."

వినకుండా చేసింది నేను. ఆయన ఆ మాట అనలేదు. అనేసి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

తెల్లవారాక ఆ మనిషి మళ్ళీ దొరికాడు. గరగరలోంచి గొంతు వచ్చింది. చలపతి, ఆమె తండ్రి ఇక్కడే ఉన్నారని తనకొచ్చిన స్పానిష్‌లో చెప్పాడు. అటువైపు మాట ఆగిపోయింది. రేడియోలో ఆగిపోవడం ఫోన్లోలా ఉండదు. ఎడారంతా ఒకటే గరగరలాడుతుంది. అతనెవరో, ఎన్ని ఇళ్ళకి ఇలా కబురు చెప్పి ఉంటాడో, ఇప్పుడు ఒక తండ్రికి చెప్పడానికి మాట వెతుక్కుంటున్నాడు.

ఎవరిస్తో గారు కోటు గుండీలు పెట్టుకుని, చెయ్యి చాచి మైకు అందుకున్నారు. అడగలేదు. ప్రశ్నే వేయలేదు. కూతురి పేరు చెప్పి, ఒక్క వాక్యం, స్పష్టంగా, అవతలివాడి పని తనే చేస్తున్నట్టుగా అన్నారు. అందులో వివీయా వినిపించింది. మైకు మీద నొక్కిన వేలు తీశారు.

"సీ, సెన్యోర్", అవునండీ, అంది అటువైపు గొంతు. అది ఏడుస్తోంది.

చలపతి నా వైపు వంగి, సార్ ఏమన్నరమ్మా అని మెల్లిగా అడిగాడు.

"మా ఇనెస్ అక్కడ ఉండేది అన్నారు" అని చెప్పాను.